నిలవ పెట్టిన చుట్ట

మన వాడల పిల్లలు కొందరు పుణెల, ముంబయిల పెద్ద హోటళ్లల్ల పని చేస్తున్నరు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్లు చెప్పే ముచ్చట ఒకటి అరుగు మీద కూసునే ముసలోళ్లకు నమ్మబుద్ధి అయితలేదు. అక్కడ అద్దం తలుపు పెట్టిన చెక్క బీరువా ఉంటదట. దాంట్ల చుట్టలు వరుసగ పేర్చి ఉంటయట. ఇంగ్లీషుల సిగార్ అంటరు. బీరువా లోపల తేమ ఎంతున్నదో చెప్పే మీటర్ ఉంటది, దాన్ని దినాం చూడాలె. కొందరు షావుకార్లు పెట్టెకు పెట్టె కొని, ముట్టకుండ ఐదేండ్లు, పదేండ్లు దాచిపెడ్తరట. "పాతవడితే పురుగు పడ్తది గాని ధర పెరుగుడేంది తాతా?" అని ఆ పిల్లలే అడుగుతున్నరు. ఈ నెల ఆ సంగతి రాస్తున్న.

షావుకార్ల చుట్టతోటి మనకేం పని అని కొందరు అనొచ్చు. షోలాపూర్ల మన ఇండ్లు ఎన్నో ఏండ్లు రెండు కాళ్ల మీద నిలబడ్డయి. మొగోని పగారు మిల్లుల నుంచి వచ్చేది, ఆడోళ్ల కూలి బీడీల మీద వచ్చేది. మిల్లు భోంగా ఆగినంక ఎన్నో ఇండ్లను నడిపించింది బీడీల చాటనే. పొగాకు మన ఇంట్ల ఉన్నది, మన ఆడోళ్ల ఒళ్లో ఉన్నది, మన మొగోళ్ల నోట్లో ఉన్నది. దాని గుణం మనం తెల్సుకోకుంటే ఇంకెవరు తెల్సుకుంటరు?

నిలవ అంటే మనకు కొత్త గాదు. కొత్త బియ్యం వండితే ముద్ద అయితది, పాత బియ్యం అన్నం పొడిపొడిగ వస్తది. మామిడి తొక్కు పెట్టిన నాడే తింటే ఉప్పు ఒక దిక్కు, కారం ఒక దిక్కు తగుల్తయి. నెల దినాలు ఊరితే అన్నీ కలిసి ఒక రుచి అయితది. పొగాకు ఆకుల కూడ ఇసొంటి పనే నడుస్తది. పొగాకు నిలవల ఏమేం మారుతది, ఏది మారదు అన్నదే అసలు సంగతి.

సిగార్ అంటే చుట్టనే. ఇంగ్లీషోళ్లు చెరూట్ అని ఒక మాట వాడ్తరు. అది తమిళుల సురుట్టు మాట నుంచే పోయింది. చుట్టేది గనుక మనకు చుట్ట, వాళ్లకు సురుట్టు. గోదావరి నది నడుమ ఉన్న లంకలల్ల పండే లంక పొగాకు చుట్టకే పేరు మోసింది. దిండిగల్ పొగాకు తోటి చేసిన తిరుచిరాపల్లి చుట్టలు ఇంగ్లండు దాక పోయినయి. షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివు మొదటి కథ 1887ల అచ్చయింది. దాంట్ల కూడ ఆయన నేల మీది బూడిద చూసి ఇది తిరుచిరాపల్లి చుట్ట అని గుర్తు పడ్తడు. అంటే చుట్ట మనకు తాతల నాటిదే. దాన్ని ఏండ్ల తరబడి మాగబెట్టి తాగుడు అనే షోకు మాత్రం ఎక్కువగ క్యూబా దేశపు చుట్ట చుట్టు పెరిగింది.

క్యూబా అమెరికా ఖండం నడుమ సముద్రంల ఉన్న దీవి. 1492ల కొలంబసు మనుషులు అక్కడ దిగినప్పుడే ఆడి జనం ఆకు చుట్టి పొగ తాగుతుండ్రి. ఆ దీవికి పడమటి కొసన పినార్ దెల్ రియో అనే జిల్లా ఉన్నది. దాంట్ల వుయెల్తా అబాహో అనే ఎర్రమట్టి నేలల పండే ఆకుకు ప్రపంచమంత పేరు. చుట్టకు పైన కనబడే ఆకు నున్నగ, సన్నగ, ఈనెలు తేలకుండ ఉండాలె. అందుకని ఆ ఆకు పండే చేనుకు మొత్తం పల్చటి గుడ్డ పందిరి వేస్తరు. ఎండ ఆ గుడ్డల నుంచి వడగట్టుకొని దిగుతది. నేతోళ్లు మెచ్చే సంగతి ఇది. ఎకరాలకెకరాల చేను గుడ్డ కింద పండుతది.

కోసిన ఆకుకు సూది దారం గుచ్చి, కర్రలకు వేలాడదీసి, పెద్ద కొట్టంల ఆరబెడ్తరు. ఎండల గాదు, నీడల గాలికి. సుమారు 50 దినాలు పడ్తది. పచ్చటి ఆకు పసుపు అయి, పసుపు నుంచి గోధుమ రంగుకు వస్తది. వానొస్తే తలుపులు మూస్తరు, ఎండొస్తే తీస్తరు. అక్కడి నుంచే కాచుకునుడు మొదలు.

ఎండిన ఆకును తడి చిలకరించి కట్టలు కట్టి, గడ్డివాము లెక్క కుప్ప వేస్తరు. కొత్త గడ్డి తడిగుండంగ కుప్ప వేస్తే లోపల ఎట్ల కాగుతదో మనకు ఎర్కే గద. ఇది కూడ అట్లనే లోపల్లోపల వేడెక్కుతది. ఆ వేడికి ఆకులున్న చక్కెర, మాంసకృత్తులు విరిగిపోతయి. ముక్కు పగిలేటట్టు అమోనియా వాసన బయటికి వస్తది. వేడి మరీ ఎక్కితే ఆకు కమిలిపోతది. అందుకని కుప్పల కొలిచే కడ్డీ పెట్టి చూస్తరు, వేడెక్కితే కుప్ప విప్పి కింది ఆకు పైకి, పై ఆకు కిందికి మార్చి మళ్లీ వేస్తరు. పచ్చి ఆకుల ఉండే ఘాటు, చేదు చానా మటుకు ఈడనే తగ్గుతది. నడుమ ఈనె తీసే పని చానా కాలం నుంచి ఎక్కువగ ఆడోళ్లదే. ఈనె తీసినంక ఆకు మళ్లీ కుప్ప ఎక్కుతది.

అయిపోలేదు. తర్వాత ఆకును మూటలు కట్టి గోదాంల పడుకోబెడ్తరు. మొక్కకు కింది ఆకు తేలిక, నడిమిది మధ్యరకం, ఎండ బాగ తిన్న పై ఆకు ఘాటు. పై ఆకును లిహేరో అంటరు. దాన్ని తక్కువల తక్కువ రెండేండ్లు గోదాంల ఉంచినంకనే చుట్టకు వాడ్తరు. అంటే షావుకారు బీరువాల పెట్టకముందే ఆ ఆకు రెండు మూడేండ్లు కాచుకొని వచ్చింది.

చుట్టే కార్ఖానాలు హవానా పట్నంల ఉన్నయి. చెక్క పలక, వంకీ తిరిగిన చిన్న కత్తి, కొంచెం జిగురు. పనిముట్లు అంతే. లోపల రకరకాల ఆకు మడిచి, దాని మీద ఒక ఆకు పట్టీ చుట్టి, పైన నున్నటి ఆకు తొడుగు వేస్తరు. లోపలి ఆకు ఎక్కువ ఒత్తితే పొగ రాదు, తక్కువ ఒత్తితే భగ్గున కాలుతది. వేలికే తెల్వాలె. మన ఆడోళ్లకు ఇది చెప్పనక్కర లేదు. తునికాకు నానబెట్టి, రేకు పెట్టి కత్తిరించి, పొగాకు ఎంత వేయాల్నో చూడకుండ వేసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టేటి వేళ్లు అవి. తేడా ఏందంటే బీడీని చుట్టినంక వేడి మీద ఆరబెట్టి తడి తీసేస్తరు. సిగార్‌ను తడి పూర్తిగ పోకుండ కాపాడ్తరు.

ఆ కార్ఖానాలది ఇంకొక ముచ్చట మన కూలోళ్లు తెల్సుకోవాలె. 1865ల హవానాల ఎల్ ఫిగారో అనే కార్ఖానాల ఒక మనిషిని నడుమ కూసోబెట్టి పేపర్లు, పుస్తకాలు గట్టిగ చదివించుడు మొదలు పెట్టిండ్రు. చుట్టేటోళ్లు చెవులు ఆ దిక్కు పెట్టి చేతులతోటి పని చేసేది. చదివేటోనికి కూలి ఇచ్చింది యజమాని గాదు, కూలోళ్లే తలా ఇంత వేసుకొని ఇచ్చిండ్రు. ఏడాది తిరగకుండనే సర్కారు దాన్ని బందు పెట్టింది. కూలోళ్లు వినుడు మొదలు పెడితే అడుగుడు కూడ మొదలు పెడ్తరు గద. అయినా ఆ అలవాటు సచ్చిపోలే, మళ్లీ వచ్చింది, ఇయ్యాల్టికి ఉన్నది. మన దేశంల కేరళ కన్నూరు దిక్కు బీడీ కూలోళ్లల్ల కూడ ఒకరు పేపరు చదువుతుంటే మిగిలినోళ్లు వినుకుంట చుట్టేటి అలవాటు ఉండె.

ఇగ బీరువా ముచ్చటకు వద్దాం. చుట్టంగనే సిగార్ తడిగ ఉంటది. కార్ఖానాల చల్లటి గదిల ఉంచి ఎక్కువ తడి పోనిస్తరు. పెట్టెలల్ల సర్ది, పెట్టె అడుగున నెల, సంవత్సరం ముద్ర వేస్తరు. ఏండ్లు లెక్క పెట్టేటోళ్లు మొదలు చూసేది ఆ ముద్రనే. చుట్టిన కొన్ని నెలలు లోపల మిగిలిన అమోనియా మళ్లా ఘాటుగ తగుల్తది. అందుకని చుట్టిన నాడే తాగాలె, లేకుంటే ఏడాది ఆగాలె అంటరు ఆ షోకు ఉన్నోళ్లు.

దాచుడు అంటే తేమను కాపాడుడే. ఈ పని నేత ఖాతాల చేసినోళ్లకు చెప్పకుండనే అర్థమైతది. మిల్లు గోడకు రెండు గొట్టాల మీటర్ ఉండేది యాదికుందా? ఒక గొట్టం ఉత్తది, ఇంకొక దానికి తడి గుడ్డ చుట్టి ఉండేది. రెండింటి తేడా చూసి గాలిల తేమ నూటికి ఎంతున్నదో పట్టీల చూసేటోళ్లు. పత్తి నూలు తేమ తాగితే గట్టిపడ్తది, ఎండితే తెగుతది. అందుకే నేత ఖాతాల తేమ నూటికి 75 నుంచి 85 దాక పెంచి నడిపేది. నూలు బలం పరీక్ష చేసే గదిల 65 పెట్టేది. సిగార్ బీరువాల కావల్సింది 65 నుంచి 70. ఆ బీరువా ఒక చిన్న మిల్లు ఖాతానే అనుకోండ్రి. అదే గాలి, అదే లెక్క. ఖాతాల తేమ పెట్టింది నూలు కోసం, మన పాణం కోసం గాదు. బీరువాల పెట్టేది ఆకు కోసం.

తేమ తగ్గితే పై ఆకు పెళుసై పగుల్తది, ఆకుల నూనె ఎండుతది, పొగ కాలినట్టు వేడిగ వస్తది. ఎక్కువైతే చుట్ట ఉబ్బుతది, పీలిస్తే రాదు, బూజు పడ్తది. పొద్దున ఒక తీరు, రాత్రి ఒక తీరు మారినా ఆకు తట్టుకోదు. మన షోలాపూర్ల వైశాఖం ఎండలకు 40 డిగ్రీలు దాటుతది, గాలి పొడిగ కొడ్తది. వానకాలం గోడలు చెమ్మ పడ్తయి. ఈ తేడా తట్టుకోవాల్నంటే మూత బాగ బిగిసే చెక్క పెట్టె కావాలె, లోపల తేమ ఇచ్చే స్పాంజి కావాలె. దాంట్ల నల్లా నీళ్లు పోయరు. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ నీళ్లు పోస్తరు.

మీటర్ సరిగ చూపిస్తుందా లేదా తెల్సుకునే ఉపాయం కూడ ఉన్నది. ఒక చిన్న మూతల ఉప్పు పోసి, కరిగిపోకుండ ముద్ద అయ్యేటంత నీళ్లు కలపాలె. దాన్ని, మీటర్‌ను కలిపి గాలి చొరని డబ్బాల ఒక రోజు ఉంచాలె. డబ్బాల తేమ నూటికి 75 కాడ నిలబడ్తది. మీటర్ అంతే చూపితే సరి, లేకుంటే ఎంత తేడానో అంత కలుపుకోవాలె, తీసేయాలె. ఇంట్ల ఉండే ఉప్పుతోటే ఇది అయితది.

పెట్టె చెక్కను స్పానిష్ దేవదారు అంటరు గాని అది దేవదారు గాదు. మన వేపచెట్టు ఏ కుటుంబందో అదీ ఆ కుటుంబందే. తేమ పీల్చుకొని మెల్లగ విడుస్తది, దాని వాసన చుట్టకు పడ్తది. మనం బియ్యం డబ్బాల వేపాకు వేసుకుంటం, వాళ్లు వేప చుట్టపు చెక్కల ఆకు దాచుకుంటరు.

పురుగు భయం నిజమే. పొగాకు పురుగు అని గోధుమ రంగుల గింజంత ఉంటది. వేడి 24 డిగ్రీలు దాటితే గుడ్లు పొదుగుతయి, చుట్టకు సూది బెజ్జాలు పడ్తయి. అందుకని 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంల పెడ్తరు. పెద్ద కంపెనీలు పెట్టెలను గడ్డకట్టే చలిల కొన్ని దినాలు ఉంచి పురుగును సంపి బయటికి పంపుతరు. బీడీ ఇండ్లోళ్లు ఇది మనసుల పెట్టుకోవాలె. ఈ పురుగుకు పొగాకు ఒక్కటే గాదు, మిరపపొడి, పసుపు, ధనియాలు, పిండి, పప్పు అన్నీ కావాలె. పొగాకు సంచి వంటసామాను పక్కన పెడితే అండ్లకెల్లి ఇండ్లకు పాకుతది.

ఇట్ల ఏండ్లు దాస్తే ఏమైతది? మిగిలిన అమోనియా మెల్లగ పోతది. తలా ఒక తీరు ఉన్న ఆకుల తడి, నూనె, వాసన ఒకదానిల ఒకటి కలుస్తయి. ఘాటు ఆకు ఎక్కువున్న చుట్టకు ఏండ్లు కలిసొస్తయి. తేలిక చుట్ట ఎక్కువ ఏండ్లు పెడితే వాసనే పోయి గడ్డి అయితది. ఆకు తుక్కును కాయితం లెక్క చేసి మిషిన్ మీద చుట్టిన అగ్గువ రకానికి నిలవతోటి పెద్ద లాభం ఏం లేదు. అంటే ఏడాది తిరిగితే చాలు గొప్పదైతది అన్న మాట అన్నిటికీ చెల్లదు. తొక్కు సుత ఊరేదాక బాగుంటది, ఆ మీద నల్లబడ్తది.

ధర సంగతి కూడ చెప్పాలె. 1962 ఫిబ్రవరిల అమెరికా సర్కారు క్యూబా సరుకు మీద బందీ పెట్టింది. ఆ సంతకం పెట్టే ముందు రాత్రి అధ్యక్షుడు కెన్నడీ తన కాడ పనిచేసే సాలింజర్‌ను పిలిచి వెయ్యి క్యూబా చుట్టలు తెమ్మన్నడట. ఆయన 1200 తెచ్చినంకనే సంతకం పడ్డదని సాలింజరే తర్వాత చెప్పుకున్నడు. బందీకి ముందటి పెట్టెలు ఇయ్యాల వేలంల ఎంతో ధరకు పోతయి. ఆ ధర దాచినోనికి, అమ్మినోనికి వస్తది. చుట్టిన చేతికి చుట్టిన నాటి కూలే. ఆ చెయ్యి ఎప్పుడో ఆగిపోయి ఉంటది.

ఈ లెక్క మన ఇంట్లది కూడ. బీడీ కూలి వెయ్యికి ఇంత అని కడ్తరు. ఆకు కోసం లైనుల నిలబడ్డ పొద్దుకు కూలి లేదు, ఆకు నానబెట్టిన రాత్రికి లేదు, కత్తిరించిన దానికి వేరే లేదు, బాగ లేవని పక్కకు తీసిన బీడీలకు అసలే లేదు. షావుకారు బీరువాల గడిచిన ఏడాదికి ధర ఉన్నది, మన అక్క చాట ముందట గడిచిన గంటకు లేదు. 1966ల వచ్చిన చట్టం పేరే బీడీ, సిగార్ కార్మికుల చట్టం. చుట్టేటి ఇద్దరినీ ఒక్క పేరు కింద పెట్టింది. ఇంటి దగ్గర చుట్టేటోళ్లు కూడ కార్మికులే అని దాంట్ల రాసి ఉండె. పని చేసిన లెక్క మీ కార్డు మీద సరిగ ఎక్కుతుందా లేదా చూసుకునుడు మన పనే.

ఇగ మారనిది ఏందో చెప్త. నిలవల మెత్తబడేది పొగ, తగ్గేది గొంతుల గరగర. నికోటిను కొంత తగ్గుతది గాని పోదు. పొగాకు ఆరేటప్పుడు, కుప్పల మాగేటప్పుడు ఆకులున్న నికోటిను, ఇంకా కొన్ని పదార్థాలు కలిసి నైట్రోసమైన్లు అనే విషాలు పుడ్తయి. ఇవి క్యాన్సరు తెచ్చేటివి. అంటే ఏ మాగుడు వల్ల రుచి వస్తదో ఆ మాగుట్లనే ఈ విషం తయారైతది. దాన్ని బీరువాల పదేండ్లు పెట్టినా కడిగినట్టు పోదు. నిప్పు పెట్టినంక వచ్చే తారు, బొగ్గుపొగ విషం కొత్త చుట్టకూ పాత చుట్టకూ ఒక్కటే.

"నేను పొగ మింగ, నోట్లనే తిప్పి ఇడుస్త" అనేటోళ్లు ఉన్నరు. చుట్ట పొగ గుణం వేరే. సిగరెట్టు పొగ లెక్క గాకుండ అది క్షార గుణం ఉన్నది. నోటి తోలు నుంచే నికోటిను నెత్తురుల కలుస్తది. మింగకున్నా పని అయితది. పెద్ద సిగార్ ఒక్కదాంట్ల సిగరెట్టు పాకిట్ అంత పొగాకు ఉంటది. నోరు, గొంతు, అన్నం దిగే గొట్టం, ఊపిరితిత్తులు, అన్నిటికీ క్యాన్సరు వస్తది. శ్రీకాకుళం, విశాఖ సముద్రపు ఒడ్డున కొందరు ఆడోళ్లు నిప్పు కొస నోట్ల పెట్టుకొని చుట్ట తాగుతరు. అడ్డపొగ అంటరు. ఆ వేడికి అంగిలి మీద క్యాన్సరు వస్తదని డాక్టర్లు ఎన్నో ఏండ్ల కిందటనే లెక్కలు తీసి చెప్పిండ్రు. అది లంక చుట్ట అయినా, హవానా చుట్ట అయినా నోరు ఒక్కటే.

ఘాటు పొగ తాగితే దగ్గు వస్తది. దగ్గు అంటే ఒళ్లు వద్దంటున్న మాట. మాగిన పొగ ఆ మాటను వినబడకుండ చేస్తది. మెత్తగుందని ఇంకొక దమ్ము, ఇంకొకటి. నా లెక్కల మాగిన చుట్ట పచ్చి చుట్ట కంటె మంచిది గాదు, మంచిగ మాట్లాడేటిది.

తాగనోళ్లకు కూడ చెప్పేది ఉన్నది. బీడీ పొగాకు దుమ్ము ఊపిరిల పోతది, చేతులకు అంటుతది. మిల్లుల పత్తి దుమ్ముకు మా దగ్గు ఎట్లుండేదో ఇంట్ల ఆడోళ్లకు తెల్సు, వాళ్ల దగ్గు మనం కూడ వినాలె. చాట కిటికీ కాడ, గాలి బయటికి పోయే దిక్కు పెట్టుకోండ్రి. పొగాకు సంచి పిల్లలు పండే అర్రల పెట్టొద్దు. పసిపిల్లకు పాలిచ్చే ముందు, అన్నం కలిపే ముందు సబ్బుతోటి చేతులు కడుక్కోండ్రి. ముక్కుకు తడి గాని పొడి గాని పల్చటి గుడ్డ కట్టుకున్నా కొంత నయం. మన ఇంట్ల గుడ్డకు కరువు లేదు గద.

మానాల్ననుకునేటోళ్లకు ఒక మాట. పొగ మీద మనసు గుంజేటి కోరిక ఎక్కువ సేపు ఉండదు. కొన్ని నిమిషాలల్ల దానంతట అదే తగ్గుతది. నీళ్లు తాగి, నాలుగడుగులు తిరిగి, ఆ కొన్ని నిమిషాలు కాచుకోవాలె. మళ్లొస్తది, మళ్లా కాచుకోవాలె. మానేసిన ఏడాదికి గుండె జబ్బు భయం తాగేటోళ్లతోటి చూస్తే సుమారు సగానికి తగ్గుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. చుట్టను ఏడాది దాచేకంటె మానేసి ఏడాది దాటిచ్చుడు లాభం. సర్కారు ఫోన్ నంబరు ఉన్నది, 1800-11-2356. పైసలు పడయి. మానేందుకు సాయం చేస్తరు.

నోట్ల తెల్ల మచ్చ గాని, ఎర్ర మచ్చ గాని, మానని పుండు గాని రెండు వారాలు దాటినా ఉంటే, నోరు పూర్తిగ తెరుచుకోకుంటే ఆలస్యం చేయొద్దు. నొప్పి లేదు గద అని ఊకోవద్దు, మొదట్ల నొప్పి ఉండదు. సివిల్ ఆసుపత్రిల పండ్ల డాక్టరుకు చూపించుండ్రి. ఆదివారం ఇంటోళ్లు అందరు వెలుతురుకు నిలబడి ఒకరి నోరు ఒకరు చూసుకున్నా మంచిదే. ముసలోళ్లు సిగ్గుపడ్తరు. మనుమండ్లు టార్చి పట్టుకుంటే తెరుస్తరు.

హోటల్ల పని చేసే పిల్లలకు చెప్పేది ఇది. ఆ బీరువాను మంచిగ చూసుకోండ్రి, మీటర్ సరిగ చదువుండ్రి, ఉప్పు ఉపాయం మీ సార్లకు నేర్పుండ్రి, అది మీ కడుపు కూడు. గిరాకి మెచ్చి ఒకటి ఇచ్చి రుచి చూడమంటే మాత్రం, మా ఇంట్ల పొగాకు మస్తుగ ఉన్నది సార్ అని దండం పెట్టుండ్రి.